కథకు అర్హత పరీక్ష ఎందుకు?

"ముందు అక్షరాలు రానివ్వండి, కథల పుస్తకాల సంగతి తర్వాత చూద్దాం." ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో పిల్లల గ్రంథాలయం మాట ఎత్తగానే వచ్చే జవాబు ఇది. బ్లాకు ఆఫీసులో ఇదే మాట, బడి స్టాఫ్ రూములో ఇదే మాట, కూలికి పోయి పిల్లల్ని చదివించుకునే తల్లిదండ్రుల నోటా ఇదే మాట. కోరాపుట్ జిల్లాలోని లమ్తపుట్ లాంటి చోటయితే ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అని సామెత కూడా తోడవుతుంది. కూడబలుక్కుని చదవడమే రాని పిల్లలకు బొమ్మల పుస్తకాలెందుకు, కథలు చెప్పించడాలెందుకు, పాటలూ నాటకాలూ ఎందుకు, ఆ డబ్బుతో ఇంకో ట్యూషన్ మాస్టారిని పెట్టొచ్చు కదా అని అడుగుతారు.

ఈ మాట అనేవాళ్లకు పిల్లల మీద ప్రేమ లేదని నేననను. కూలి డబ్బులో మిగిల్చి నోటుబుక్కులు కొనే తండ్రికి, నాలుగైదు తరగతుల పిల్లల్ని ఒక్కడే సంబాళించుకునే మాస్టారికి ప్రేమ లేదని ఎవరనగలరు? అయినా ఆ మాట తప్పే. ఎవరి మేలు కోరి ఆ మాట అంటున్నారో ఆ పిల్లలకే దానివల్ల నష్టం.

2011 జనాభా లెక్కల్లో కోరాపుట్ జిల్లా అక్షరాస్యత 49.21 శాతం, రాయగడది 49.76. ఒడిశా మొత్తానికి 72.87. సగం మందికి చదవడం రాని చోట కథల పుస్తకాలేమిటని అడిగేవాళ్లు ఈ అంకెలే చూపిస్తారు. నేనూ ఈ అంకెలే చూపిస్తాను. ఇన్నేళ్లుగా ఈ జిల్లాల్లో నడిచింది అక్షరాల పద్ధతే కదా? గుణింతాలు బట్టీ పట్టించాం, ఎక్కాలు అప్పజెప్పించుకున్నాం, పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం పిల్లల చేతికివ్వకుండా దశాబ్దాలు గడిపేశాం. పేదరికం, దూరాభారం, మాస్టార్లు రాని బడులు, వలసలు అంటూ కారణాలు ఇంకా చాలానే ఉన్నాయి, కాదనను. కానీ కథల పుస్తకాలు చదివి ఈ జిల్లాలు వెనకబడలేదు. అవి ఇక్కడి పల్లెలకు వచ్చిందెప్పుడు గనక?

అక్షరం దేనికో తెలియని పిల్లవాడికి అక్షరం నేర్పడం ఎంత కష్టమో నేర్పినవాళ్లకు తెలుసు. చదువుకున్న ఇళ్లలో పిల్లలు బడి మొహం చూడకముందే నాన్న పేపరు తిరగేయడం చూస్తారు, అమ్మ చేతిలో వారపత్రిక చూస్తారు, గోడమీద క్యాలెండరు చూస్తారు. ఆ నల్లటి గీతల్లో ఏదో సంగతి ఉందని మూడేళ్లకే వాళ్లకు తెలిసిపోతుంది. ఇక్కడి గదబ, పరజా ఆదివాసీ పల్లెల్లో అచ్చుకాగితం అంటే సంతలో సరుకు కట్టిచ్చిన పొట్లం మాత్రమే అయిన ఇళ్లున్నాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన ఆరేళ్ల పిల్లను కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో, దేనికీ సంబంధం లేని గీతలు దిద్దమంటాం. నెలల తరబడి దిద్దుతుంది పాపం. తర్వాత మానేస్తుంది.

సంత రోజున చెట్టు కింద పట్టా పరిచి బొమ్మల పుస్తకాలు పెడితే ఏమవుతుందో ఈ వైపు నేను చూశాను. ఎనిమిదేళ్లుంటాయేమో, చంకలో చెల్లెల్ని ఎత్తుకుని ఒక పిల్ల వచ్చి చాలాసేపు దూరంగానే నిలబడింది. ముట్టుకుంటే డబ్బులడుగుతారేమోనని భయం. తీసుకోమన్నాక చతికిలబడి, చెల్లెల్ని ఒళ్లోకి మార్చుకుని పుస్తకం తెరిచింది. తలకిందులుగా పట్టుకుంది. ఏనుగు కాళ్లు పైకి ఉండటం చూసి తిప్పి పట్టుకుంది. ఇక అక్కడి నుంచి ఒక్కో పేజీ దగ్గరా ఆగి, చెల్లెలికి ఇక్కడి సంతల్లో వినిపించే దేశియా భాషలో కథ చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకంలో ఉన్న కథ వేరు, ఆమె చెప్పిన కథ వేరు. ఒకచోట ఏనుగుపిల్ల ఏడుస్తోందంది, వాళ్లమ్మ కూలికి పోయిందట. ఆఖరి పేజీ అయ్యాక మళ్లీ మొదటికి తిప్పింది. ఈసారి బొమ్మ కింద ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి నావైపు చూసింది, ఇక్కడేం రాసుందన్నట్టు.

అక్షరాలు ముందు, కథ తర్వాత అనేవాళ్లు ఈ వరస చూడాలి. కథ ముందు వచ్చింది, అక్షరం మీద ఆశ దాని వెనక వచ్చింది. ఆ ఆశ పుట్టిన పిల్లకు అక్షరాలు నేర్పడం ఏమంత పెద్ద పని కాదు. అది పుట్టని పిల్లకు ఎన్ని పలకలు కొనిచ్చినా లాభం లేదు.

ఆ చంకలో బిడ్డ సంగతి కూడా చెప్పాలి. తల్లి పనికి పోతే తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చూసుకోవాల్సింది ఇంట్లో పెద్దపిల్లే. బిడ్డను ఎత్తుకొస్తే తరగతిలో కూర్చోనివ్వరు. అలా రెండేళ్లు గడిస్తే ఆ పిల్ల ఇక బడికి పోదు. గ్రంథాలయానికి హాజరుపట్టీ లేదు, తరగతి లేదు, వయసు కట్టుబాటు లేదు. నేలమీద చాప పరిచి, చేతికందే ఎత్తులో పుస్తకాలు పెడితే, చంకలో బిడ్డతో వచ్చిన పిల్ల కూడా అక్కడ చదువరే. ఒళ్లో ఉన్న బిడ్డ కూడా చదువరే. బడి చేయలేని పని ఇది. అలాంటిది, బడి పని పూర్తయ్యాకే గ్రంథాలయం పని మొదలవ్వాలంటే, బడికి రాలేని పిల్లను మనమే రెండోసారి వెళ్లగొడుతున్నట్టు.

ఇదంతా చెట్టు కింద చూసిన ముచ్చట, లెక్కలేవి అంటారా? లెక్కలూ ఉన్నాయి. మనవాళ్లు కూడా ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన ఫిజీ దీవుల్లో, 1980 ప్రాంతంలో, వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయి అనే ఇద్దరు పరిశోధకులు పల్లెటూరి బడుల్లో ఒక ప్రయత్నం చేశారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తరగతికి 250 కథల పుస్తకాలిచ్చారు. మిగతా బడుల్లో మామూలు పాఠాలే నడిచాయి. ఎనిమిది నెలల తర్వాత చూస్తే, కథల పుస్తకాలున్న పిల్లలు చదవడంలో మిగతావాళ్లకు రెట్టింపు వేగంతో ముందుకు పోయారు. పరాయి భాష నేర్వడానికే కథలు అంత సాయం చేస్తే, ఇంటి భాషలో ఎంత చేస్తాయో ఆలోచించండి. మన దేశంలోనే గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1930ల నాటికే 'దివాస్వప్న'లో ఈ సంగతి చెప్పారు. అందులోని మాస్టారు తరగతిలో మొదట చేసే పని కథ చెప్పడం. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బుతో పిల్లలకు గ్రంథాలయం తయారుచేస్తాడు. ఉపాధ్యాయ శిక్షణలో ఆ పుస్తకాన్ని అందరూ పొగుడుతారు. ఉద్యోగంలో చేరాక ఎవరూ దాన్ని ఆచరణలో పెట్టరు.

అంత దూరం పోనక్కర్లేదు. రాయగడ జిల్లా గుణుపురానికి దగ్గర్లోనే పర్లాకిమిడి ఉంది. అక్కడ మాస్టారిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు సవర ఆదివాసీ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తనకు సవర రావాలనుకున్నారు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, కథలు, పాటలు సేకరించారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించారు. ఏటా ఆగస్టు 29న ఆయన్ని తలుచుకుని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, దండలు వేస్తాం. సవర పిల్లల కోసం ఆయన పడ్డ కష్టం మాత్రం ఆనాటి ప్రసంగాల్లో ఒక్క వాక్యంతో సరి. వందేళ్ల కిందట ఒక తెలుగు పంతులు పిల్లల భాషలోకి తాను వెళ్లాడు. ఈనాడు మనం ఆ పిల్లల్నే అక్షరాలు నేర్చుకుని మన గుమ్మం దాకా రమ్మంటున్నాం. అటు సవరల్లో తమ భాషలో చదువుకోవాలన్న ఆరాటం లేదనుకుంటే పొరపాటు. అదే గుణుపురం ప్రాంతంలో 1936లో మంగేయి గొమాంగో తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని తయారుచేశారు.

ఆ 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. అప్పటిదాకా మద్రాసు ఏలుబడిలో విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం సంస్థానం, దానితోపాటు ఈ కొండలన్నీ ఒడిశాకు వెళ్లాయి. పన్నెండేళ్ల తర్వాత, 1948లో, మద్రాసు ప్రభుత్వం పౌర గ్రంథాలయాల చట్టం చేసింది, అప్పటికి ఈ కొండలు దాని పరిధిలో లేవు. ఆంధ్రప్రదేశ్‌కు 1960లో సొంత చట్టం వచ్చింది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేసే ఏర్పాటు అందులో ఉంది. ఒడిశా చట్టం 2001 నాటిది. అందులో పన్ను ఏర్పాటు లేదు. అంటే లమ్తపుట్ లాంటి చోట పిల్లల గ్రంథాలయానికి ఖాయమైన రాబడి అంటూ ఏదీ లేదు. ఎవరైనా కలెక్టరు శ్రద్ధ పెడితే వస్తుంది, ఆయన బదిలీ అయితే పోతుంది. ఆ శ్రద్ధ పెట్టాల్సిన వాళ్లే అక్షరాలు వచ్చాక చూద్దామంటే ఇక చట్టం ఉన్నా లేనట్టే.

పన్ను వసూలు చేసే మన తెలుగు రాష్ట్రాలు ఏం ఉద్ధరించాయని అడగొచ్చు. అడగాల్సిందే. హైదరాబాద్ చిక్కడపల్లి మొదలుకుని జిల్లా కేంద్రాల దాకా గ్రంథాలయాలు పోటీ పరీక్షల గదులైపోయాయి. ఆ యువకుల అవస్థ నాకు తెలుసు, వాళ్లకు కూర్చునే చోటు కావాలి. కానీ వాళ్ల నిశ్శబ్దం కోసం పిల్లల్ని బయటికి పంపడం ఎక్కడి న్యాయం? ఇంకో గది వేయాలి. ఒక్క గదే ఉంటే పొద్దున, సాయంత్రం పంచుకోవాలి. గ్రంథాలయమంటే నిశ్శబ్దమేనన్న నియమం పిల్లల దగ్గర చెల్లదు. పిల్లలు చదివేది నోటితో, చేతులతో, పక్కవాడితో. బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు ఈ సంగతి కనిపెట్టిన మనిషి. భార్య కామేశ్వరితో కలిసి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా పాటలు, నాటికలు, పొడుపుకథలతో పిల్లల్ని పోగుచేశారు. 1945లో 'బాల' పత్రిక పెట్టారు. ఆ పాటలు పాడిన పిల్లలే ఆ పత్రిక కోసం ఎదురుచూశారు. ఆటపాటలు చదువుకు అడ్డమని ఇంకా అనేవాళ్లు ఆ తరం పెద్దవాళ్లను ఒక్కసారి అడగాలి.

ఫోన్లు ఉన్నాయి కదా, అందులో కథలు చూస్తారు అన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగను. కరోనా కాలంలో బడులు మూసినప్పుడు ఆ మాటకు పరీక్ష జరిగింది. 2021లో ఒడిశాతో సహా పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో జరిగిన 'స్కూల్' అనే సర్వేలో, పల్లెల్లోని పేదింటి పిల్లల్లో ఆన్‌లైన్‌లో క్రమం తప్పకుండా చదువుకుంటున్నవాళ్లు నూటికి ఎనిమిది మంది. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లకు డిజిటల్ గ్రంథాలయం చూపించి కాగితం పుస్తకం ఎగ్గొట్టడం మోసమే.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. ఆ భాషల్లో పుస్తకాలెక్కడున్నాయి? నిజమే, ఇది గట్టి ప్రశ్న. లమ్తపుట్ బ్లాకులో ఎన్ని భాషలు వినిపిస్తాయో చూడండి. సంతలో దేశియా. గదబ ఊళ్లలో ముండా కుటుంబానికి చెందిన గుతోబ్, మన తెలుగుకు దాయాది అయిన ఒల్లారి. బడిలో, ఆఫీసులో ఒడియా. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు అది. అందువల్ల ఆ ప్రాజెక్టు ఒనకఢిల్లీ క్యాంపులో తెలుగు. ఏరు దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని ముంచింగిపుట్టు, అక్కడ దేశియాకు దగ్గరైన ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లు. బడి ఏదో ఒక భాషను మాధ్యమంగా ఎంచుకోక తప్పదు. గ్రంథాలయానికి ఆ ఇబ్బందే లేదు. ఒకే అలమరలో ఇవన్నీ పక్కపక్కన కూర్చోగలవు. ఒనకఢిల్లీ క్యాంపులో ఇంట్లో తెలుగు, వీధిలో దేశియా, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగే పిల్లకు ఆ అలమర దగ్గర ఏ భాషనూ వదులుకోవాల్సిన పని లేదు.

పుస్తకాలు అసలే లేవన్నది కూడా సగం నిజమే. ఒడిశా 2007 ప్రాంతంలో పది ఆదివాసీ భాషలతో బహుభాషా విద్య మొదలుపెట్టింది, తర్వాత 21 భాషలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలోనే సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి. వాచకం వచ్చింది, కథల పుస్తకం రాలేదు. అదీ అసలు లోపం. వాచకం చదివిన పిల్లకు తన భాషలో చదవడానికి ఇంకేమీ దొరకకపోతే, ఆ భాష చదువుకు పనికిరాదని ఆమె అనుకుంటుంది. ఆ లోటు పూడ్చొచ్చని చూపించినవాళ్లూ ఉన్నారు. ప్రథమ్ బుక్స్ సంస్థ 'ఆదికహానీ' పేరుతో ముండా, సవర, కుయి, జువాంగ్ భాషల్లో బొమ్మల పుస్తకాలు వేసింది. ఆ భాషలవాళ్లే రాసిన కథలవి. మన చందమామ 2004లో సంతాలీలోనూ వచ్చింది. చందమామలూ బొమ్మల పుస్తకాలూ చేయగల మనుషులకు గుతోబ్‌లో, ఒల్లారిలో ఇరవై కథలు వేయడం ఎందుకు సాధ్యం కాదు? కథలు చెప్పే ముసలివాళ్లు ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను గ్రంథాలయానికి పిలిచి, రోజుకూలి ఇచ్చి, చెప్పించి, పిల్లలతో బొమ్మలు వేయించి, ఒడియా లిపిలో రాసి కుట్టి అలమరలో పెట్టడానికి భాషాశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. వారం వారం చేసే కార్యక్రమమంటే నా దృష్టిలో ఇదే. చెప్పిన కథ పుస్తకమవుతుంది, ఆ పుస్తకాన్ని ఆ తాత మనవరాలే మొదట చదువుతుంది.

పుస్తకాలు పట్టుకెళితే జనం చదవరన్న మాటకూ ఈ జిల్లాలోనే జవాబు ఉంది. 2014లో శతాబ్ది మిశ్ర, అక్షయ రౌతరాయ్ అనే ఇద్దరు కోరాపుట్‌లో రోడ్డు పక్కన పుస్తకాలు పరిచారు, సంచుల్లో వీపున మోసుకుని పల్లెలకు పోయారు. 'వాకింగ్ బుక్‌ఫెయిర్స్' అన్న ఆ పని తర్వాత వ్యాన్ ఎక్కి దేశమంతా తిరిగింది. ఇద్దరు మనుషులు సంచులతో చేయగలిగిన పనిని ప్రభుత్వం తన జీపులతో చేయలేదా?

ఇక మిగిలింది బీరువా. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్ ప్రకారం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలి, అందులో కథల పుస్తకాలూ ఉండాలి. అక్షరాలు వచ్చినవాళ్లకే అని చట్టం ఎక్కడా అనలేదు. సమగ్ర శిక్షా కింద 2018-19 నుంచి ప్రాథమిక బడికి కూడా ఏటా అయిదు వేల రూపాయలు పుస్తకాల కోసం వస్తున్నాయి. కొన్న పుస్తకాలు చాలాచోట్ల బీరువాలోనే ఉంటాయి. తాళం హెడ్మాస్టరు దగ్గర, రిజిస్టరు ఆయన సంతకం కింద. పుస్తకం పోతే జీతంలో కోస్తారని భయం. పిల్లలు చింపుతారని భయం. తనిఖీకి వచ్చిన అధికారి కొత్తగా మెరిసే పుస్తకాలు చూసి సంతోషిస్తాడు. అవి అలా మెరుస్తున్నాయంటే ఎవరూ ముట్టుకోలేదని ఆయనకు తట్టదు.

ఆ భయాన్ని తీర్చే నియమం కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళిలోనే ఉంది. 2017 నియమావళి, 215వ నియమం. ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఏడాదిలో ఐదు పోవడం సహజమేనని, అజాగ్రత్త గానీ మోసం గానీ లేనంతవరకు దాన్ని మామూలు నష్టంగానే చూడాలని అందులో రాసుంది. పండితులు, అధికారులు వాడే గ్రంథాలయాలకు ఇచ్చిన మినహాయింపు అది. ఆరేళ్ల పిల్లలు వాడే చోట వెయ్యికి ఐదు ఏ మూలకు? యాభై పోయినా ఫర్వాలేదని కోరాపుట్, రాయగడ కలెక్టర్లు ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. పుస్తకం పోతే మాస్టారి జీతం జోలికి, గ్రంథపాలకుడి జీతం జోలికి పోమని అందులో స్పష్టంగా రాయాలి. తనిఖీ రిజిస్టరులో ఎన్ని పుస్తకాలు ఉన్నాయన్న గడి పక్కనే ఎన్ని నలిగాయి, ఎన్ని చిరిగాయి అన్న గడి పెట్టాలి. ఆ గడి ఖాళీగా ఉన్న బడినీ, ఆ గడి ఖాళీగా ఉన్న గ్రంథాలయాన్నీ పిలిచి సంజాయిషీ అడగాలి.